ఇంటిలోను పనిలోను క్రమపద్ధతి

ఉపోద్ఘాతము

ఒక ఇంటిలో రెండేండ్ల బిడ్డకు జ్వరము వచ్చినదనుకొందము. సాయంకాలము ఆరు గంటలకు తల్లి ఒక మోతాదు జ్వరపు మందు పట్టెను. ఆ సంగతి తెలియని నాయనమ్మ తొమ్మిది గంటలకు మరియొక మోతాదు పట్టెను. పదకొండు గంటలకు తండ్రి పని నుండి వచ్చి, బిడ్డ ఒళ్లు కాలుచుండుట చూచి, గూటిలో దొరికిన వేరొక సీసా నుండి మూడవ మోతాదు పట్టెను. అర్ధరాత్రి ఆసుపత్రికి పోయినప్పుడు వైద్యుడు అడిగిన ప్రశ్నలు మూడే: ఏ మందు ఇచ్చితిరి? ఎంత ఇచ్చితిరి? ఎప్పుడు ఇచ్చితిరి? ముగ్గురును ఒకరి ముఖ మొకరు చూచుకొనిరే గాని సరియైన సమాధానము ఎవరును చెప్పలేకపోయిరి.

ఈ ఇంటిలో బిడ్డపై ప్రేమకు కొరత లేదు. మందునకు కొరత లేదు. పెద్దలలో ఎవరును అశ్రద్ధ చేసినవారు కారు. ముగ్గురును బిడ్డ మేలు కోరియే మందు పట్టిరి. అయినను బిడ్డకు అపాయము వాటిల్లినది. జ్వరమునకు సాధారణముగా వాడు పారాసిటమాల్ మందు మితిమీరినచో కాలేయమును దెబ్బ తీయును. అందులోను ఈ మందు అన్ని సీసాలలో ఒకే బలముతో ఉండదు. చంటిబిడ్డలకు చుక్కలుగా పట్టు మందులో సాధారణముగా ఒక మిల్లీలీటరునకు 100 మిల్లీగ్రాములు ఉండును. చెంచాతో పట్టు మందులో 5 మిల్లీలీటర్లకు 120, 125 లేక 250 మిల్లీగ్రాములు ఉండును. చుక్కల మందును చెంచాతో కొలిచి 5 మిల్లీలీటర్లు పట్టినచో 500 మిల్లీగ్రాములు లోనికి పోవును. అది 125 మిల్లీగ్రాముల చెంచా మందునకు నాలుగు రెట్లు.

ఆ ఇంటిలో కొరవడినది క్రమము. మందునకు ఒక చోటు లేదు. మందు పట్టుటకు ఒక మనిషి లేడు. పట్టిన వేళను వ్రాసిన కాగితము లేదు. ఇంటిని, పనిని క్రమములో పెట్టుకొనుట కేవలము అందము కొరకో, పొరుగువారి మెప్పు కొరకో కాదని, అది ఆరోగ్యరక్షణలో ఒక భాగమని చెప్పుటకే ఈ పాఠము ఉద్దేశింపబడినది.

క్రమమనగా నేమి?

క్రమమనగానే పలువురకు తళతళలాడు పాత్రలును, మడత నలగని దుప్పట్లును, ఒక్క కాగితమైనను కానరాని బల్లయు తోచును. అది అలంకారము. అలంకారము ఉండిన ఉండవచ్చును, లేకున్నను లోపము లేదు. కావలసిన వస్తువు కావలసిన వేళకు చేతికి అందుటయు, చేయవలసిన పని చేయవలసిన దినమున జరుగుటయు క్రమము.

దీనికి మంచి ఉదాహరణము మన వంటిండ్లలోనే కలదు. అది పోపులపెట్టె. ఆవాలు, జీలకఱ్ఱ, మెంతులు, మినపపప్పు, ఎండుమిరపకాయలు, ఒక్కొక్కటి ఒక్కొక్క గిన్నెలో ఉండును. వంట చేయువారు చూడకయే చేయి చాచి కావలసినది తీసికొందురు. ఈ ఏర్పాటు ఎందువలన కలిగినది? నూనె కాగుచుండగా ఆవాలకై వెదకుటకు వ్యవధి ఉండదు. వెదకుటకు వ్యవధి లేని చోట వస్తువులను ముందుగనే అమర్చుకొనవలెనని మన ఇండ్లలోని వారు అనుభవముచే గ్రహించిరి. పొయ్యి దగ్గర పాటించు ఈ నియమమునే మందుల దగ్గర, కాగితముల దగ్గర, పనిముట్ల దగ్గర పాటించినచో చాలును.

కాలమును క్రమపరచుటలో రైతు మనకు గురువు. సంవత్సరమును అతడు 27 కార్తెలుగా ఎంచుకొనును. ఒక్కొక్క కార్తె సుమారు 13 లేక 14 దినములు ఉండును. ఏ కార్తెలో దుక్కి దున్నవలెను, ఏ కార్తెలో విత్తవలెను అను లెక్క అతని మనస్సులో నిలిచియుండును. ఏ పనియైనను తనంతట జ్ఞాపకము వచ్చువరకు అతడు వేచియుండడు. కార్తె వచ్చినదన్న మాటయే అతనికి పిలుపు.

ఈ రెండు ఉదాహరణములను బట్టి క్రమమునకు నాలుగు అంగములు కలవని చెప్పవచ్చును. మొదటిది చోటు: వస్తువు ఎక్కడ ఉండును? రెండవది వేళ: పని ఎప్పుడు జరుగును? మూడవది వ్రాత: జరిగినదని ఎట్లు తెలియును? నాలుగవది మనిషి: ఎవరు చేయుదురు? వారు లేనినాడు ఎవరు చేయుదురు?

ఈ నాలుగవ ప్రశ్నయొక్క ప్రాముఖ్యమును చాల కాలము క్రిందటనే గుర్తించినది ఫ్లారెన్స్ నైటింగేల్. 1859లో వెలువడిన "నోట్స్ ఆన్ నర్సింగ్" అను గ్రంథములో ఆమె చిన్న చిన్న ఏర్పాట్లను గూర్చి ఒక ప్రకరణమునే వ్రాసెను. తానున్నప్పుడు జరుగు శుశ్రూష తాను లేనప్పుడును జరుగునట్లు ఏర్పాటు చేయజాలని వారి సేవ అంతయు వ్యర్థము కావచ్చునని ఆమె అభిప్రాయము. మన ఇండ్లకు ఈ మాట మిక్కిలి వర్తించును. అన్నియు తెలిసిన ఒక్క మనిషి ఊరికి వెళ్లినంతనే తారుమారగు ఇంటిలో క్రమము లేదు. ఒక మనిషి శ్రమ మాత్రమే కలదు.

జ్ఞాపకమునే నమ్ముకొనరాదు

"నాకు అన్నియు జ్ఞాపకముండును" అని అనువారు మన మధ్య అనేకులు కలరు. జ్ఞాపకశక్తి గొప్పదే. కాని తొందరలోను, అలసటలోను, భయములోను అది తప్పిపోవును. నేర్పరులకును ఈ నియమము తప్పదు.

1935వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన అమెరికాలోని డేటన్ నగర సమీపమున ఒక క్రొత్త బోయింగ్ యుద్ధవిమానమును పరీక్షించుచుండిరి. నడుపువారు మిక్కిలి అనుభవజ్ఞులు. విమానము నేలపై నిలిచియున్నప్పుడు గాలికి దాని నియంత్రణ పలకలు కదలకుండునట్లు వేసిన బిగింపును ఎగురుటకు ముందు విడువవలెను. ఆ ఒక్క పని మరచిపోయిరి. విమానము పైకి లేచి కూలిపోయెను, ఇద్దరు మరణించిరి. అటుపిమ్మట విమానచోదకులు తమ నేర్పును మాత్రమే నమ్ముకొనక, ఎగురుటకు ముందు చేయవలసిన పనులన్నిటిని ఒక పట్టికగా వ్రాసికొని, ఒక్కొక్కటి సరిచూచుకొను పద్ధతిని అవలంబించిరి.

వైద్యరంగమున కూడ ఇట్టి పద్ధతియే ఫలించెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో శస్త్రచికిత్సకు సంబంధించిన 19 అంశముల సరిచూచు పట్టికను విడుదల చేసెను. రోగి పేరేమి, శస్త్రచికిత్స ఏ అవయవమునకు, రోగికి పడని మందులేవి, వాడిన దూది, పనిముట్లు లెక్కకు సరిపోయినవా అనునట్టి ప్రశ్నలే అందులో కలవు. ఢిల్లీతో సహా ప్రపంచములోని 8 నగరములందలి 8 ఆసుపత్రులలో దానిని పరీక్షించి, ఫలితములను 2009లో ప్రకటించిరి. పట్టికను వాడుటకు ముందు శస్త్రచికిత్స పొందిన వారిలో మరణములు నూటికి 1.5 ఉండగా, వాడిన పిమ్మట 0.8కి తగ్గెను. ఇతర ఉపద్రవములు నూటికి 11 నుండి 7కు తగ్గెను. ఆ వైద్యులకు పట్టిక క్రొత్త విద్య నేదియు నేర్పలేదు. తెలిసిన పనిని విడువక చేయునట్లు మాత్రము చేసెను.

కావున పట్టిక వ్రాసికొనుట మతిమరుపునకు గుర్తు అని సిగ్గుపడనక్కరలేదు. అది బాధ్యత తెలిసినవారి లక్షణము.

మందులును కాగితములును

ఇంటిని క్రమపరచుట ప్రారంభింపదలచిన వారు మొదట మందుల నుండి ప్రారంభించుట మేలు. ఈ క్రింది విషయములు గమనింపదగినవి.

మందులన్నియు ఒకే పెట్టెలో ఉండవలెను. ఆ పెట్టె పిల్లల చేతికి అందని ఎత్తులో, పొయ్యి వేడిమికిని స్నానపుగది తేమకును దూరముగా ఉండవలెను. మూడు నెలలకొకసారి పెట్టెను తెరచి, గడువు తేదీ దాటిన వానిని తీసివేయవలెను. ఏ రోగమునకు తెచ్చినదో ఎవరికిని తెలియని మందును ఉంచుకొనరాదు. అట్టపై నిలువుగా ఎఱ్ఱ గీత గల మందులను వైద్యుని సలహా లేక వాడరాదు. మధుమేహమునకు వాడు ఇన్సులిన్‌ను చల్లనిచోట ఉంచవలెను గాని గడ్డకట్టనీయరాదు. గడ్డకట్టి కరగిన ఇన్సులిన్ పనికిరాదు.

బిడ్డకు జ్వరము వచ్చిన దినమున మందుపెట్టె మూతకు ఒక చిన్న కాగితము అంటించి, మందు పట్టిన ప్రతిసారియు వేళ, కొలత, పట్టినవారి పేరు వ్రాయవలెను. చదువురాని పెద్దలు ఒక గీత గీసినను చాలును. ఉపోద్ఘాతములో చెప్పిన ఇంటిలో ఈ ఒక్క కాగితము ఉండినచో తండ్రి మూడవ మోతాదు పట్టియుండడు.

కిరసనాయిలును, పురుగుమందులను, మరుగుదొడ్డి కడుగు ద్రావకములను చల్లని పానీయముల సీసాలలో పోసియుంచు అలవాటు ప్రాణాంతకము. దాహము వేసిన బిడ్డకు సీసా ఆకారమే తెలియును గాని అందలి ద్రవము తెలియదు. ఇట్టి వస్తువులు వాని సొంత డబ్బాలలోనే, తాళము వేసిన చోట, తినుబండారములకు దూరముగా ఉండవలెను. బిడ్డ కిరసనాయిలు త్రాగినచో వాంతి చేయింపరాదు; వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

తరువాత కాగితములు. ఒక గట్టి సంచియో, రేకుపెట్టెయో చాలును. అందు తల్లీబిడ్డల రక్షణ కార్డు, ఇంటిలోని ప్రతివారి చికిత్స చీటీలు, రక్తపరీక్షల ఫలితములు, ఆరోగ్యబీమా కార్డులు ఉంచవలెను. పైన ఒక అట్టముక్కపై నాలుగు విషయములు పెద్ద అక్షరములతో వ్రాయవలెను: ఇంటిలో ఎవరికి ఏ దీర్ఘరోగము కలదు, ఎవరు ఏ మందులు నిత్యము వాడుచున్నారు, ఎవరికి ఏ మందు పడదు, అత్యవసరమునకు పిలువవలసిన సంఖ్యలు ఏవి. అంబులెన్సు కొరకు 108 అను సంఖ్య 2005వ సంవత్సరము ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమై, పిమ్మట అనేక రాష్ట్రములకు వ్యాపించినది. ఆ సంఖ్య అందరకును తెలిసినదే. కాని తమ ఇంటికి త్రోవ చెప్పుటకు కావలసిన గుర్తులను ఆ తొందరలో తడబడక చెప్పగలవారు తక్కువ. అవి కూడ ఆ అట్టపై వ్రాసియుంచవలెను.

బిడ్డ టీకాలకు కార్డే ఆధారము. పుట్టినప్పుడును, 6, 10, 14 వారములకును, 9 నెలలు నిండినప్పుడును, 16 నుండి 24 నెలల మధ్యను, 5 నుండి 6 ఏండ్ల మధ్యను, 10, 16 ఏండ్ల వయస్సులందును టీకాలు వేయింపవలసియున్నది. పదునారేండ్ల పర్యంతము సాగు ఈ లెక్కను ఏ తల్లియు మనస్సులో మోయనక్కరలేదు. కార్డు వచ్చిన దినముననే తరువాతి తేదీని గోడమీది క్యాలెండరులో గుర్తించినచో చాలును. పాల లెక్క వ్రాయుటకు మనవారు ఎన్నడును మరువరు. ఆ లెక్క ప్రక్కనే టీకా లెక్కకును చోటు కలదు.

వారమునకొక దినము

వేళ తప్పకుండుట యెంత అవసరమో డెంగీ దోమ మనకు బోధించును. ఈ దోమ మురుగుగుంటలకంటె ఇంటిలోని నిలువ నీటిని కోరును. గ్రుడ్డు నుండి ఎగురు దోమ వెలువడుటకు సుమారు 7 నుండి 10 దినములు పట్టును. అనగా, వారమునకొకసారి ఇంటిలోని నిలువ నీటిని తప్పక పారబోయు ఇంటిలో దోమ పెరుగుటకు వ్యవధి చాలదు. నెలకు నాలుగుసార్లు ఈ పని చేయుటలోని ఫలము, నెలకొకసారి నాలుగు రెట్లు శ్రమపడుటలో లేదు. ఇచ్చట శ్రమకంటె వేళ ముఖ్యము.

నీరు పారబోసినంత మాత్రమున చాలదు. ఈ దోమ తన గ్రుడ్లను నీటికి కొంచెము పైన తొట్టి గోడకు అంటించును. అవి ఎండినను నెలల తరబడి చావక యుండి, మరల నీరు తగిలినప్పుడు పొదుగును. కావున తొట్టి గోడలను పీచుతో గట్టిగా రుద్ది కడుగవలెను. వారమున ఒక దినమును, శుక్రవారమో మరియొకటియో, నిర్ణయించుకొని ఇంటిల్లిపాదియు ఈ పట్టికను సరిచూచుకొనవలెను: స్నానపుగది తొట్టి, పెరటి గాబు, వాడని రుబ్బురోలు, పూలకుండీల క్రింది పళ్లెములు, రిఫ్రిజిరేటరు వెనుక నీరు చేరు పళ్లెము, కూలరు, మేడమీది పాత టైర్లు, కొబ్బరిచిప్పలు, పశువులకును పక్షులకును నీరు పోయు పాత్రలు. ఖాళీ చేయుటకు వీలులేని తొట్లకు గట్టిగా మూత బిగింపవలెను. పది నిమిషములు పట్టు ఈ పనికి పదేండ్ల బాలుడైనను నాయకత్వము వహింపగలడు.

క్రమము తప్పని చికిత్స

క్షయరోగమునకు శానిటోరియము తప్పనిసరియని వైద్యలోకము చిరకాలము నమ్మియుండెను. మంచి ఆహారము, విశ్రాంతి, శుద్ధమైన గాలి లేనిదే రోగము నయము కాదని తలంపు. బీదవారి సంగతి ఏమి? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకై 1956లో మద్రాసు నగరమున క్షయ చికిత్సా పరిశోధన కేంద్రము స్థాపింపబడినది. కొందరు రోగులను శానిటోరియములోను, కొందరిని వారి వారి ఇండ్లలోను ఉంచి, ఇరువురకును ఒకే మందులను ఒక సంవత్సరము ఇచ్చిరి. ఇండ్లలో ఉన్నవారు ఇరుకు గదులలో నివసించిరి. వారి ఆహారము అంతంతమాత్రము. పలువురు పనియు చేసికొనిరి. అయినను 1959లో ప్రకటింపబడిన ఫలితములు ఇండ్లలోని చికిత్స శానిటోరియము చికిత్సకు ఇంచుమించు సమానమని చూపెను. ఇంటిలోని ఇతరులకు వ్యాధి సోకుట కూడ ఎక్కువ కాలేదు.

ఈ పరిశోధన ప్రపంచమంతట క్షయ చికిత్స త్రోవను మార్చినది. మందు క్రమముగా లోనికి పోయినచో రోగి ఎక్కడ ఉన్నను మేలు కలుగునని దానివలన తెలిసినది. అందుకై ఆ కేంద్రమువారు ఇండ్లకు పోయి రోగులను కలిసికొనుట, మందు వాడుచున్నారో లేదో పరీక్షించుట మొదలగు ఏర్పాట్లు చేసిరి. ఇప్పుడు సాధారణ క్షయకు 6 నెలల చికిత్స చాలును. కాని కొన్ని వారములకే దగ్గు తగ్గి, ఆకలి పుట్టి, ఒంటికి బలము వచ్చును. అప్పుడే రోగి మందు మానివేయు ప్రమాదము ఎక్కువ. నడుమ మానినచో మిగిలిన క్రిములు మందునకు లొంగని మొండితనము పొందవచ్చును. రక్తపుపోటు, మధుమేహము, మూర్ఛ మొదలగు దీర్ఘరోగముల మందులకును ఈ మాటయే వర్తించును. పండ్లు తోముకొనుటయో, ఉదయపు కాఫీయో, ఏ నిత్యకృత్యము ఎన్నడును తప్పదో దానితో మందును ముడిపెట్టుట తేలిక యుపాయము. అయితే ఏ మందు భోజనమునకు ముందు, ఏది తరువాత అను విషయమును వైద్యుని అడిగి తెలిసికొనవలెను.

పనిచోట క్రమము

ఇంటిలోని నాలుగు అంగములే కార్యాలయమునకును, దుకాణమునకును, కర్మాగారమునకును వర్తించును. ఇచ్చట ఈ రచయిత తన అనుభవమొకటి చెప్పుట అప్రస్తుతము కాదు. కొన్నేండ్ల క్రిందట అతిసారమునకు ఇంటిలో పానకము తయారుచేయు విధమును గూర్చి ఒక చిన్న కరపత్రమును తెలుగు చేయవలసి వచ్చెను. దాని పాళ్లు అందరకును తెలిసినవే: ఒక లీటరు శుభ్రమైన నీటిలో 5 మిల్లీలీటర్లు పట్టు చెంచాతో తలగొట్టి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. అచ్చు ప్రతిలో "అర చెంచా ఉప్పు" అని ఉండవలసిన చోట "ఆరు చెంచా ఉప్పు" అని పడెను. నేను దానిని దిద్దితిని. కాని దిద్దని పాత ప్రతిని చింపివేయక, బల్లమీద దిద్దిన ప్రతి ప్రక్కనే ఉంచితిని. ఆ సాయంకాలము తొందరలో ముద్రణకు పోవుటకు కట్టలో చేరినది పాత ప్రతి. కట్ట కట్టుచున్న సహోద్యోగి ఆ పంక్తిని చదివి "అయ్యా, ఇంత ఉప్పా?" అని అడుగకపోయినచో ఏమి జరిగెడిదో తలచుకొన్నప్పుడెల్ల ఇప్పటికిని మనస్సు కలతపడును. అంత ఉప్పు పసిబిడ్డ ప్రాణము తీయగలదు.

నాకు భాష తెలియక కాదు, పాళ్లు తెలియక కాదు, ఆ తప్పు జరుగబోయినది. ఒకే కాగితమునకు రెండు ప్రతులు ఉండుట చేతను, ఏది సరియైనదో దానిపై వ్రాసియుండక పోవుట చేతను జరుగబోయినది. నాటి నుండి మూడు నియమములు పెట్టుకొంటిని. క్రొత్త ప్రతి రాగానే పాతదానిని చింపివేయుట. ప్రతి కాగితము తలపై తేదీ వేయుట. అంకెలున్న ప్రతి పంక్తిని మరియొకరిచే బిగ్గరగా చదివించుట. ఈ మూడింటికిని దినమునకు పావుగంట కూడ పట్టదు.

మన ప్రభుత్వాసుపత్రులలోను ఇట్టి ప్రయత్నము జరుగుచున్నది. 2015లో కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ మంత్రిత్వశాఖ ప్రారంభించిన "కాయకల్ప" పథకము పరిశుభ్రతను, క్రమమును పాటించు ఆసుపత్రులకు పురస్కారము లిచ్చుచున్నది. జపాను దేశపు కర్మాగారములలో పుట్టిన ఐదు మెట్ల పద్ధతిని అనేక ఆరోగ్యకేంద్రములలో పాటింతురు: పనికిరానివానిని వేరుచేయుట, పనికివచ్చువానిని అమర్చుట, శుభ్రపరచుట, దీనినంతటిని నియమముగా ఏర్పరచుట, ఆ నియమమును విడువకుండుట. మందుల గదిలో ముందుగా గడువు తీరు మందు ముందు వరుసలో ఉండవలెనన్నది ఒక నియమము. మన ఇండ్లలో పాత బియ్యము అడుగున పడిపోకుండ క్రొత్త బియ్యమును వేరుగా పోయుట ఇట్టిదే.

ఉద్యోగులకు, వ్యాపారులకు ఉపయోగపడు మరి రెండు సూచనలు. పని ముగించి లేచుటకు ముందు పది నిమిషములు బల్ల సర్ది, మరునాటి ముఖ్యకార్యములు మూడింటిని ఒక చీటీపై వ్రాయవలెను. సగములో నిలిచిన పనులు రాత్రి నిద్రలో వెంటాడకుండుటకు ఇది తోడ్పడును. రెండవది, లెక్కలు, మందులు, యంత్రములు మొదలగు ప్రమాదమునకు తావిచ్చు పనులు చేయునప్పుడు నడుమ మాటలకును టెలిఫోనునకును తావీయరాదు. పని నడుమ ఆగినచో, ఆగినచోటనుండి కాక, ఆ మెట్టు మొదటినుండి ప్రారంభింపవలెను.

విశ్రాంతి కూడ క్రమములోని భాగమే. 1948లో చేసిన కర్మాగారముల చట్టము పెద్దలచే ఐదు గంటలకు మించి ఎడతెగక పని చేయింపరాదని, నడుమ కనీసము అరగంట విరామము ఇయ్యవలెనని విధించెను. అలసినవాడు తప్పు చేయునను సత్యమే ఆ నియమమునకు మూలము. ఇంటిలో పనిచేయువారికి ఏ చట్టమును విరామము నిర్ణయింపలేదు. దానిని ఇంటివారే నిర్ణయింపవలెను.

ఇది ఎవరి పని?

"ఇంటిని చూచి ఇల్లాలిని చూడు" అను సామెత మనలో కలదు. ఇల్లు చెదరియున్నచో నింద ఇల్లాలిదే అను భావము అందు ఇమిడియున్నది. ఈ భావమును మనము సవరించుకొనవలసియున్నది. 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, వేతనము లేని ఇంటి పని చేసిన స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు, అట్టి పని చేసిన పురుషులు 97 నిమిషములు వెచ్చించినట్లు తేలెను. అనగా స్త్రీకి ఇంచుమించు ఐదు గంటలు, పురుషునకు గంటన్నరకు కొంచెము పైన. ఈ ఐదు గంటలపై "క్రమము" అను మరియొక బరువు మోపుటకు ఈ పాఠము వ్రాయబడలేదు.

వెదకుటయు, జ్ఞాపకము చేయుటయు, చెప్పినదే చెప్పుటయు కూడ శ్రమయే. "అమ్మా, నా పుస్తకమేది?" "ఏమే, నా కళ్లజోడెక్కడ?" అను ప్రశ్నలకు రోజంతయు బదులు చెప్పు గృహిణి మోయు బరువు ఏ లెక్కలోను చేరదు. వస్తువులకు చోటు నిర్ణయించుట వలన మొదట తొలగవలసినది ఆ బరువు. తన కంచము తాను కడిగి ఉంచు కుమారుడును, తన మందులను తాను లెక్కపెట్టుకొను తాతయు, గాబు రుద్దు తండ్రియు ఉన్న ఇంటిలోనే క్రమము నిలుచును. ఒక్కరు సర్ది తక్కినవారు చెదరగొట్టు ఇంటిలో అది మూడునాళ్ల ముచ్చట.

ఎట్లు ప్రారంభింపవలెను?

ఒక్క ఆదివారమున ఇల్లంతయు తలక్రిందులుగా సర్దబూనువారు సాయంకాలమునకు అలసి, మరుసటి వారమునకు మానివేయుదురు. నెమ్మదిగా సాగుట మేలు. ఒక నెలకు సరిపడు ఏర్పాటు ఈ క్రింద ఇయ్యబడినది.

మొదటి వారము: మందులను ఒక పెట్టెలో చేర్చి, గడువు దాటినవానిని తీసివేయవలెను. విషపదార్థములను తాళము క్రిందికి మార్చవలెను.

రెండవ వారము: ఆరోగ్యమునకు సంబంధించిన కాగితములను ఒక సంచిలో చేర్చి, పై అట్టను వ్రాయవలెను. టీకాల తేదీలను క్యాలెండరులో గుర్తింపవలెను.

మూడవ వారము: నిలువ నీటి పట్టికను వ్రాసి, దినమును, బాధ్యులను నిర్ణయింపవలెను.

నాలుగవ వారము: పనిచోట ఒక బల్లనో, ఒక అలమరనో ఎన్నుకొని సర్దవలెను. సాయంకాలపు చీటీని అలవాటు చేసికొనవలెను.

నెల ముగిసిన పిమ్మట ఇంటిల్లిపాదియు కూర్చుండి, ఏది నిలిచినది, ఏది నిలువలేదు అని మాటలాడుకొనవలెను. నిలువని నియమమును ఎవరి తప్పుగానో ఎంచక, దానిని సులభతరము చేయవలెను. పెట్టె మరీ ఎత్తున ఉన్నచో నాయనమ్మ చేతికి అందదు. పిల్లలకు అందక, ఆమెకు అందు చోటును వెదకవలెను. మనుష్యులకు తగినట్లు నియమము ఉండవలెను.

తుదిమాట

ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు అని మన పెద్దలు ఊరక అనలేదు. ఆపద వచ్చిన వేళ మనకు క్రొత్త తెలివి పుట్టదు. ముందుగా అమర్చుకొన్నది మాత్రమే చేతికి అందును. మొదట చెప్పిన ఇంటిలోని ముగ్గురు పెద్దలును బిడ్డను ప్రేమించినవారే. వారి ప్రేమ బిడ్డకు మేలుగా చేరుటకు కావలసినది మందుపెట్టె మూతపై ఒక కాగితము, దానికి దారముతో కట్టిన ఒక పెన్సిలు. ఈ పాఠము చదివి ముగించిన దినముననే పాఠకులు ఆ కాగితమును అంటించి, పెన్సిలును కట్టుదురు గాక.

మననము చేయదగిన ప్రశ్నలు

1. క్రమమునకు గల నాలుగు అంగములేవి? మీ ఇంటిలో వానిలో ఏది కొరవడియున్నది?

2. చుక్కల మందును చెంచాతో ఏల కొలువరాదు?

3. నిలువ నీటిని వారమునకొకసారి పారబోయవలెననుటకు కారణమేమి? తొట్టి గోడలను రుద్దవలసిన అవసరమేమి?

4. 1959లో ప్రకటింపబడిన మద్రాసు పరిశోధన వలన మనము గ్రహింపవలసిన నీతియేమి?

5. మీ ఇంటిలో అన్నియు తెలిసిన మనిషి ఒక వారము ఊరికి వెళ్లినచో ఏ ఏ పనులు నిలిచిపోవును? అవి నిలువకుండ ఇప్పుడే ఏ ఏర్పాటు చేయగలరు?